మెట్ల మీద మధ్యాహ్నం

హూరియా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇవాళ ఈ గడప దాటారంటే సాయంత్రానికల్లా నేను మా నాన్న ఇంట్లో ఉంటా. తర్వాత పెద్దమనుషుల్ని వెంటేసుకుని, పొట్టేలుని తోలుకుని, బతిమాలుకోడానికి మీరే రావాలి. ఆలోచించుకోండి!"

ముతహర్ బిత్తరపోయాడు. చంకలో నమిలితే హుషారెక్కించే ఖాత్ ఆకుల కట్ట, కాళ్ళకి చెప్పులు. రాతిగిన్నెలో మెంతి నురగ తేలిన కూర ఇంకా కుతకుతలాడుతూనే ఉంది. నాలుగు ముద్దలు మింగి లేచిపోయాడు మహానుభావుడు. ఆయన్ని అని ఏం లాభం, మధ్యాహ్నం నమాజు అయిందంటే సనా నగరంలో మగవాళ్ళందరిదీ అదే వరస.

"ఇప్పుడు నీకేం కావాలే?"

"మీరే కావాలి. ఒక్కటంటే ఒక్క మధ్యాహ్నం నాతో గడపండి. అందరూ మొగుడి మొహం చూస్తారు, నేను మొగుడి వీపు చూస్తున్నా. పొద్దున దుకాణానికి పోతూ వీపు, మధ్యాహ్నం ఆకు నమలడానికి పోతూ వీపు, రాత్రి గోడవైపు తిరిగి పడుకుంటే వీపు!"

ముతహర్ తల గోక్కున్నాడు. అవతల నాజీ ఇంట్లో మిత్రబృందం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆకు వాడిపోతోంది.

"సరే, నేను బయటికి పోను. వాళ్ళనే మన మేడ మీదికి పిలుస్తా. ఇంట్లో ఉన్నట్టే కదా?"

ఇదేం బేరమో హూరియాకి అర్థం కాలేదు. అయినా ఇంట్లోనే ఉంటానంటున్న మనిషిని కాదని ఎలా అంటుంది? గబగబా పైగదిలో పరుపులు దులిపింది, సాంబ్రాణి వేసింది, నీళ్ళకూజాలు పెట్టింది. ఇంతలో కింద "అల్లా... అల్లా..." అని మగగొంతులు. మెట్లెక్కుతున్నాం, ఆడవాళ్ళు తప్పుకోండమ్మా అని అర్థం. ఆమె పక్కకి తప్పుకుంది. వాళ్ళ వెనకాలే పైగది తలుపు మూసుకుంది. ఇక ఆ గదిలో ఆడది అడుగు పెట్టకూడదు.

ఇంట్లోనే ఉన్నాడు. ఉండి ఏం సుఖం? ఉసూరుమంటూ మెట్ల మలుపులో కూలబడింది హూరియా.

కాసేపటికి పైనుంచి నవ్వులు మొదలయ్యాయి. అందులో ఒక నవ్వు ఎవరిదో ఆమె పోల్చుకోలేకపోయింది. తర్వాత ఆ గొంతే మాట్లాడింది. హూరియా చెవులు రిక్కించింది. ముతహర్! బుగ్గలో ఆకు ఊరేకొద్దీ మాట ఊరుతోంది. చిన్నప్పుడు వాళ్ళ కొండమీద వానొస్తే ఎలా ఉండేదో చెబుతున్నాడు, తాతగారి గాడిద అలిగిన కథ చెబుతున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏరా, పొద్దున నువ్వు దుకాణం తెరిచేసరికి రోజూ ఆలస్యమే. నిద్ర లేవవా?" నాజీ గొంతు.

"లేస్తా. మా ఇంటావిడ రొట్టెలు కాలుస్తూ తనలో తాను పాడుకుంటుంది. నేను దగ్గరికెళ్తే ఆపేస్తుంది. అందుకని చెప్పులు కనబడ్డం లేదని గుమ్మం దగ్గరే తచ్చాడుతూ ఉంటా. పాట అయిపోయాక దొరుకుతాయి చెప్పులు!"

"ఓరి నీ దుంపతెగ! ఇంటిగుట్టు బయట పెడతావట్రా!"

గదంతా గొల్లుమంది. మెట్ల మీద హూరియాకి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ చెప్పుల గురించి ఆయన్ని ఎన్నిసార్లు కసురుకుందో!

పొద్దు వాలాక అక్కడ మాటలు ఆగిపోయాయి. ఆకు నమిలినవాళ్ళు మౌనంలోకి జారుకునే ఆ వేళని సులేమాన్ ఘడియ అంటారు. ఎవరి లోకంలో వాళ్ళు. చీకటి పడుతుండగా మళ్ళీ "అల్లా... అల్లా..." అనుకుంటూ అందరూ దిగి వెళ్ళారు. ముతహర్ కూడా దిగాడు. ఆమె ఆశగా ఎదురెళ్ళింది.

"అన్నం పెట్టనా?"

"వద్దు."

గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మాత్రం ముతహర్ ఉత్తచేతులతో ఇంటికొచ్చాడు.

"మానేశా," అన్నాడు. "నిన్న అందరం మాటాపలుకూ లేకుండా కూర్చున్నప్పుడు నీ మాటే నన్ను తొలిచేసింది. ఇవాళ నీతోనే ఉంటా."

హూరియా కాళ్ళు నేల మీద నిలవలేదు. మల్లెమాల వేసుకుంది. కాఫీగింజల పొట్టుతో కషాయం కాచింది. మగవాళ్ళ గది ఇవాళ తనది! భర్త ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

ముతహర్ కప్పు ఖాళీ చేశాడు. కిటికీ వైపు చూశాడు. ఆవులించాడు.

"చిన్నప్పుడు మీ కొండమీద వానలు బాగా పడేవా?" అంది ఆమె.

"పడేవి."

"మీ తాతగారికి గాడిద ఉండేదా?"

"ఉండేది."

హూరియా అసలుది అడిగేసింది. "రోజూ పొద్దున్నే ఎందుకండీ అంతసేపు చెప్పులు వెతుకుతారు?"

ముతహర్ చెవులు ఎర్రబడ్డాయి. చూపు దించేసుకున్నాడు.

"కనబడక."

అంతే. తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. కిటికీలోంచి పడ్డ ఎండ పరుపు దాటి గోడ ఎక్కింది. మనిషి ఎదురుగానే ఉన్నాడు, చెయ్యి చాపితే అందుతాడు. ఆమెకి మాత్రం నిన్నటికంటే దిగులుగా ఉంది.

హూరియా లేచింది. నిన్న ఎవరో పరుపు పక్కన మరిచిపోతే, ఇచ్చేద్దామని తడిగుడ్డ చుట్టి దాచిన ఖాత్ కట్ట తెచ్చి భర్త ఒళ్ళో పెట్టింది.

ముతహర్ నోరు తెరిచాడు. "మానెయ్యాలని పోరు పెట్టింది నువ్వే కదే?"

"నేనే. ఇప్పుడు నాజీ అన్ననీ, అందర్నీ పిలవండి."

"నేను ఇంట్లో ఉంటే అంత బరువయ్యానా నీకు?" అన్నాడు ముతహర్.

"అయ్యో, కాదండీ," అంది హూరియా, తలుపు దగ్గరగా వేస్తూ. "ఇవాళైనా మీతో గడపాలని ఉంది. మెట్ల మీద కూర్చుంటా."