పొగ లేని భూమి

"నా నుదుటి రాతరా!" అంటూ తల బాదుకుంటున్న అక్కని ఓదార్చలేక, వాతావరణ పరిశోధకుడైన తమ్ముడు రెండు భూగోళాలున్న కంప్యూటర్ తెర ఆమెవైపు తిప్పాడు.

"రాత కాదక్కా. ఇది మన భూమి. పక్కది, మనం బొగ్గూ పెట్రోలూ ఇంతలా తగలెయ్యకపోతే ఉండే భూమి. బావని వరద లాక్కెళ్ళిన రోజు వాతావరణాన్ని కంప్యూటర్లో రెండిటిమీదా నడిపించి చూశాం."

"పక్కదాన్లో వాన పడలేదా?"

"పడింది. వీధులు మునిగేంత కాదు."

"గొడుగుకి ఆగేదేనా?"

"ఆగేదే."

అక్క ఆ రెండో భూమిని వేలితో తడిమింది. "అయితే అక్కడ మీ బావ ఎప్పట్లాగే గొడుగు మర్చిపోయి, తడిసి ముద్దై గుమ్మం బయట నిలబడి, తువ్వాలు తెమ్మని ఇల్లు పీకి పందిరేస్తుంటాడు."

తమ్ముడు తెర ఆర్పబోయాడు.

అక్క అతని చెయ్యి పట్టేసుకుంది.

"ఆర్పకురా! మీ బావకి తలుపు తియ్యనీ."