ఏరిన బియ్యం

"నా కోడలికి ప్లాస్టిక్ తినిపీమంటావా, ఏం నర్సమ్మా?"

రాహేలమ్మ ఒళ్లోని చేటను దబ్బున అరుగు మీద పెట్టింది. నర్సు షమా ఆ చేట వంకా, గోడకానుకుని కూర్చున్న కోడలు జీవిత వంకా మార్చి మార్చి చూసింది. ఇప్పుడే జీవిత వేలు పొడిచి చూస్తే రక్తం ఏడు పాయింట్లే ఉంది. చూస్తే ఆరో నెల. మాత్రలు మింగితే వాంతులు. ఇక తిండే దిక్కనుకుంటే, ఆ తిండిలో బలమంతా కోళ్లు బొక్కుతున్నాయి.

రేషన్ బియ్యంలో అక్కడక్కడా వేరే రంగు గింజలు వస్తాయి. రాహేలమ్మ రోజూ పొద్దున్నే అద్దాలు పెట్టుకుని, ఒక్కటి వదలకుండా ఏరి కోళ్లకు వేస్తుంది. కోసిగి చుట్టుపక్కల ప్లాస్టిక్ బియ్యాన్ని కనిపెట్టిన తొలి శాస్త్రవేత్త తానేనని ఆమె నమ్మకం. ఆమె పరిశోధనశాల వాట్సాప్.

"అది ప్లాస్టిక్ కాదు పెద్దమ్మా. రక్తం పట్టాలని ఇనుము కలిపి చేసిన గింజలు. గవర్నమెంటోళ్లే కలుపుతారు."

"ఊరుకోమ్మా! మా కొడుకు లేవి ఫోన్లో చూపిచ్చినాడు. ఆ అన్నం ముద్ద జేసి నేలకేసి కొడితే బంతి మాదిరి ఎగురుతాదంట."

"నువ్వు కొట్టి చూసినావా?"

"అన్నాన్ని ఎవరన్నా నేలకేసి కొడతారా? పాపం కాదూ!"

షమాకు ఒళ్లు మండింది. కోళ్లకు పెట్టొచ్చు, కోడలికి పెట్టకూడదు. ఇది మాత్రం పుణ్యం!

"ఈ రక్తంతో కాన్పయితే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. నీ కోళ్లు మాత్రం దుక్కల్లెక్క ఉంటాయి. వాటినే పంపు కాన్పుకు!"

రాహేలమ్మ మొహం పాలిపోయింది. "అయ్యో దేవా! అంత బలముండాదా వాట్లో? నా చేతులారా కోళ్లకేసినానే! ప్రభువు సాక్షిగా చెప్తాండా నర్సమ్మా, ఇంక ఒక్క గింజ గూడా కోళ్లకు పోదు."

ముసలామె కళ్ల నీళ్లు చూసి షమా మనసు కరిగింది. ఒక ఇల్లు బాగుపడిందనుకుంటూ స్కూటీ ఎక్కింది.

నెల తర్వాత మళ్లీ వచ్చింది. కోళ్లు చిక్కిపోయి ఉన్నాయి. శుభం అనుకుంది. జీవిత వేలు పొడిచింది. ఆరున్నర.

షమా రాహేలమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, నిజం చెప్పు. కోళ్లకేస్తాండావా?"

"వేస్తే నా చెయ్యి పడిపోనీ!"

"ఈమె అన్నం తింటాందా?"

"రెండు పూటలా నేనే దగ్గరుండి పెడతాండా."

"అక్కా, అది..." అని జీవిత నోరు తెరిచింది.

"నువ్వు గమ్మునుండు తల్లీ, ఆయాసం వస్తాది," అంది రాహేలమ్మ ఎంతో ప్రేమగా.

అప్పుడు కనిపించింది షమాకు, అరుగు చివర చేట. చేట పక్కన గిన్నె. గిన్నెలో వేరే రంగు గింజలు.

"ఇంకా ఏరతాండావా?"

"ఏరకుంటే ఎట్లమ్మా? అంత బలమైన గింజలు మొగోడికి పెట్టకుండా మేం తింటామా? మా లేవికి వేరే గిన్నెలో వండి పెడతాండా!"