ఉన్నదున్నట్టు

"ఈయనకు మన భాష రాదు. ఆయన మాటలు నాకు చెప్పు, నా మాటలు ఆయనకు చెప్పు. అదే నీ ఇంటర్వ్యూ," అంది అనువాదాల ఆఫీసు మేడమ్, పక్కన కూర్చున్న వ్యాపారిని చూపిస్తూ. నా దరఖాస్తు ఆమె టీ కప్పు కింద ఉంది.

పావుగంట బండి సాఫీగానే నడిచింది. ఉన్నట్టుండి ఆ వ్యాపారి నన్ను ఎగాదిగా చూసి, తన భాషలో ఓ మాట అన్నాడు.

"ఏమంటున్నారు?" అంది మేడమ్.

నన్ను మెచ్చుకున్నాడంటే తెలిసేదెవరికి? పైగా మూణ్ణెల్లుగా ఇంట్లో ఖాళీగా ఉన్నాను. అయినా అబద్ధానికి నోరు రాలేదు.

"ఈ అమ్మాయిది నత్తనడక. ఈమెకంటే మా బావమరిది కూతురు నయం, ఆమెను పెట్టుకోండి," అన్నాను, ఆయన అన్నది అన్నట్టు, ఒక్క ముక్క మింగకుండా.

"మరి నువ్వేమంటావ్?"

"మధ్యలో నా మాట కలపకూడదండీ. కలపమంటే మాత్రం చాలా ఉంది."

మేడమ్ ఫక్కున నవ్వింది. వ్యాపారి కుర్చీలో వెనక్కి వాలి, చక్కగా మన భాషలోనే అందుకున్నాడు.

"నేను ఈ ఆఫీసులో పాత అనువాదకుణ్ణమ్మా. పొద్దుట్నుంచి ముగ్గురి దగ్గర ఇదే మాట అన్నాను. ముగ్గురూ నాచేత వాళ్ళని తెగ పొగిడించారు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే ఆ నత్తనడక కూడా ఉత్తుత్తిదేనా అండీ?"

"నాకు బావమరిదే లేడు. నత్తనడక మాత్రం నిజం. రేపు పదింటికి రా, పరిగెత్తిస్తాను."