కుడి పక్క గొంతు

పెద్దాయన చెవుల్లోని ఇయర్‌ఫోన్లు పీకి బల్ల మీద పడేశాడు.

"గీ పక్క ఏం వస్తలేదు," అన్నాడు కుడి చెవి చూపిస్తూ. మెడకు చుట్టిన కండువాలోంచి మాటకు బదులు గాలి వచ్చినట్టుంది.

గోపీకృష్ణ నవ్వాడు. హుజూర్‌నగర్ బస్టాండు ముందు పెన్‌డ్రైవుల్లో పాటలు ఎక్కించే దుకాణం అతనిది. గిరాకీలంతా ట్రాక్టర్ల వాళ్లే. ట్రాక్టరుకు ఉండేది ఒక్కటే స్పీకరు డబ్బా. అందుకని సీడీలో రెండు పక్కలా పాట ఉన్నా, ఎడమ పక్కదే తీసి, ఫైలు సైజును పిండి పిప్పి చేసి ఎక్కిస్తాడు. పెద్దాయన తెచ్చిన జానపద గాయకుడు ఐలేశం పాత సీడీకీ అదే చేశాడు.

"ఐలేశం గొంతు ఎడమ పక్కనే ఉన్నది గద తాతా. ఇంకేం గావాలె?"

"ఆడమనిషి గొంతేది?"

"ఆమె వంతకు పాడింది. అట్ట మీద పేరు గూడ లేదు."

"పేరు లేకుంటే గొంతు లేనట్టేనా?"

వెనక నిలబడ్డ ట్రాక్టరు డ్రైవరు విసుక్కున్నాడు. "జర జరుగు తాతా, దున్నకానికి పోవాలె."

పెద్దాయన జరగలేదు.

"సీడీ నిండ గీతలు వడ్డయి. ఇంకెన్ని దినాలు పాడ్తదో ఏమో. రెండు పక్కలు ఉన్నదున్నట్టు, నిదానంగ తియ్యి. నేను కూసుంట."

"గట్ల తీస్తే పూటంత పడ్తది. వంత కోసం గంత కష్టమా? ఆమె లేకున్నా ఐలేశం ఐలేశమే."

"ఆమె లేకుంటే ఐలేశం ఎవడు? ఆమె మాట అందియ్యకుంటే పాట నడిమిట్లనే మర్చిపోయి నిలవడేటోడు."

గోపీకృష్ణకు చుర్రుమంది.

"ఐలేశం అంటే నాకు పాణం. నా దుకాణంల నిలవడి ఆయన్ను వాడు వీడు అంటవా? నడువ్!"

సీడీ బయటికి తీసి బల్ల మీదికి విసిరాడు.

పెద్దాయన దాన్ని కండువా కొసతో తుడుచుకున్నాడు.

"సగం పాట నాకొద్దు. కోదాడ పోత. ఆడ గాకుంటే పట్నం పోత. ఇద్దరు పాడింది ఇద్దరు పాడినట్టు ఎక్కిచ్చినంకనే ఇంటి మొకం చూస్త."

కదులుతున్న బస్సును అరచేత్తో చరిచి ఆపి, ఎక్కేశాడు.

కాసేపటికి మందుల సంచితో ఒకామె ఉరుకుతూ వచ్చింది.

"అన్నా, మా నాయిన ఈడికి వచ్చిండా? మెడకు కండువ ఉంటది. గొంతు ఆపరేషన్ అయింది, మాట సక్కగ రాదు."

"కోదాడ బస్సెక్కిండు." గోపీకృష్ణ కోపం ఇంకా దిగలేదు.

"అయ్యో, పాటలు ఎక్కియ్యలేదా? నిరుడు అమ్మ సచ్చిపోయింది. ఆమె గొంతు ఉన్నది గా ఒక్క సీడీలనే."

మౌసు మీద అతని చెయ్యి ఆగిపోయింది.

"వంతకు పాడినామె... మీ అమ్మనా?"

"ఔ."

"మరి మీ నాయినేంది, ఐలేశాన్ని గట్ల నోటికొచ్చినట్టు అన్నడు?"

ఆమె బస్సు పోయిన దారి వైపు చూసింది.

"తన్ను తాను తప్ప మా నాయిన ఇంకెవ్వర్ని గట్ల అనడన్నా."