సోదా తర్వాత

ఈ రోజుల్లో ఏ పాత సినిమా పెట్టినా, అబద్ధం వచ్చినచోటల్లా తెరగా పనిచేసే ఇంటి గోడే బొమ్మ ఆపి, మాట్లాడి దిద్దుతోంది. ఆ సాయంత్రం రత్నావళి, భర్త వరహాలరావుతో కలిసి చిన్ననాటి సినిమా ఒకటి చూస్తోంది. అందులో కేంద్ర దర్యాప్తు అధికారి సోదా ముగించి, చిందరవందరైన చీరలన్నీ మడతపెట్టి బీరువాలో సర్దాడు.

"ఇది కల్పితం. నిజమైన అధికారులెవరూ ఇలా చేయలేదు," అంది గోడ.

"నువ్వు చూశావేటి?" రత్నావళి గయ్యిమంది. "మా నాన్న మీద కేసెట్టి మా ఇల్లు సోదా చేసినపుడు, అధికారిగా వచ్చిన ఈయన మా అమ్మ చీరలన్నీ మడతెట్టే వెళ్ళారు. అందుకే కదా ఈయన్ని చేసుకున్నాను!"

వరహాలరావు సిగ్గుపడ్డాడు. "ఈ సినిమా చూసే నేర్చుకున్నానే."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి ఆమెకు ఇప్పుడే తెలిసింది. నవ్వుతూ ఆయన చెయ్యి పట్టుకుని, "మళ్ళీ మొదట్నించీ పెట్టు," అంది గోడతో. "ఈసారి మధ్యలో మాటాడకు."