బయల్దేరే ముందు

బడిలో అందరూ చదివే ఒక పాత కథని గ్లఫీరా బొమ్మలతో సినిమా తీస్తోంది. బొమ్మని వెంట్రుకవాసి కదిపి ఒక ఫోటో, మళ్ళీ కదిపి ఇంకో ఫోటో. రెండు వారాలు కష్టపడితే యెఫీమ్ అనే ముసలి బండివాడి బొమ్మ తన బుల్లి గుడిసెలో పొయ్యి దగ్గర్నుంచి గుమ్మం దాకా వచ్చింది.

కెమెరామన్ రొదియోన్ చెవులు కప్పే టోపీ పెట్టుకుంటూ నవ్వాడు. "ఏం గ్లఫీరా, ముసలాణ్ణి కాసేపైనా కూర్చోబెట్టకుండా ప్రయాణానికి పంపించేస్తున్నావా? బయల్దేరే ముందు కాసేపు కూర్చోవడం మన ఆచారం కదా. మా అమ్మమ్మ చూసుంటే నీ చెవి మెలిపెట్టేది!"

గ్లఫీరా నాలుక కరుచుకుంది. "అయ్యో! అయితే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా?"

"రేపు చూద్దాంలే," అంటూ అతను ఆఖరి ట్రాముకి పరిగెత్తాడు.

ఆమె తలుపు గడియ వేసుకుంది. బయట లెనిన్‌గ్రాద్ మీద చప్పుడు లేకుండా మంచు పడుతోంది. గ్లాసులో టీ పోసుకుని వెనక్కి తిరిగేసరికి బొమ్మ గుమ్మం దగ్గర లేదు. యెఫీమ్ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని పొయ్యి పక్కనున్న చిన్న బెంచీ మీద కూర్చున్నాడు.

భయపడాల్సిందే. కానీ ఎందుకో ఆమెకి మనసు నిండినట్టయింది. పద్ధతి తెలిసిన ముసలాడు! మెల్లగా ఒక ఫోటో తీసి తలెత్తింది. ఈసారి అతను బెంచీ చివరికి జరిగి, పక్కన చోటు వదిలాడు.

నిజమే, సాగనంపేవాళ్ళు కూడా కూర్చోవాలి. గ్లఫీరా స్టూలు లాక్కుని, కళ్ళు మూసుకుని హాయిగా కూర్చుంది. అందరికంటే పెద్దవాళ్ళే ముందు లేవాలి కాబట్టి ఆమె కదల్లేదు.

టీ చల్లారిపోయాక, బెంచీ కిర్రుమంది.