చివరి నాలుగు టైర్లు

టైరులోంచి తీగ పొడుచుకొచ్చి బావ వేలికి గుచ్చుకుంది.

"ఇది టైరారా, పందికొక్కా? కరుస్తోంది," అన్నాడు బావ, వేలు నోట్లో పెట్టుకుని.

బావమరిది పట్టించుకోలేదు. కారును టైర్ల షాపులోకి తోసుకొచ్చాడు.

తోయడానికి ఒక చెయ్యి చాలు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, తలుపులు పేరుకే. పక్కనుంచి ఎవరైనా గట్టిగా తుమ్మితే అవతలి వీధిలో వెతుక్కోవాలి, అంత తేలిక.

ఆదివారం కొండ రోడ్డు మీద కార్ల పోటీ.

షాపాయన మూరెడు వెడల్పు టైరు దొర్లించుకొచ్చాడు.

"ఇది వేయించరా, కారు పులిలా ఉంటుంది," అన్నాడు బావ.

"పులిలా ఉండి సబ్బులా జారుతుంది. మన కారుకి బరువేదీ బావా? బరువు పడకపోతే రబ్బరు వేడెక్కదు. వేడెక్కకపోతే మలుపులో రోడ్డును పట్టుకోదు. మనకి సన్నటివి కావాలి, మెత్తటివి."

"టైరుకి కూడా జ్వరం రావాలని నాకిప్పుడే తెలిసింది."

మూలన నాలుగు టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. బావమరిది పైదాన్ని గోటితో నొక్కాడు. మెత్తగా దిగింది. అతని మొహం వెలిగిపోయింది.

"ఇవే."

"అవి ఈవిడ కోసం తీసిపెట్టినవి," అన్నాడు షాపాయన.

గోడవారన బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. ఒళ్లో చేతిసంచి పెట్టుకుని వీళ్ల మాటలే వింటోంది.

"మరో నాలుగు తెప్పించలేరా?"

"ఈ సైజు అడిగేవాళ్లెవరు బాబూ? మళ్లీ వచ్చేది వచ్చే నెలే."

బావమరిది ఆవిడ పక్కన చేరాడు.

"అక్కా, ఇవి మీకెందుకు? ఇట్టే అరిగిపోతాయి. గట్టివి తీసుకోండి. మీ పిల్లల్ని స్కూల్లో దింపిన టైర్లతోనే కాలేజీలో కూడా దింపొచ్చు. ఆ తర్వాత మనవల్ని ఎక్కించుకోవచ్చు."

"అంతేనంటావా?"

"టైర్ల సంగతి నాకు వదిలెయ్యండి."

"వదిలేశాను గానీ, నీకెందుకంత పట్టుదల?"

"గాలిపటం అని ఒకడున్నాడక్కా. అసలు పేరు నాకు తెలీదు, అందరూ అలాగే పిలుస్తారు. ఏటా వాడే మొదటి వాడు. నేను రెండోవాణ్ణి. దూరం నుంచి హెల్మెట్టు తప్ప వాడి మొహం కూడా చూళ్లేదు. ఈసారి వాణ్ణి దాటి తీరాలి."

"మా ఇంట్లో ఆ గాలిపటాన్ని తిట్టినంతగా నన్ను కూడా తిట్టరమ్మా," అన్నాడు బావ. "అన్నం దగ్గర వాడే, టీ దగ్గర వాడే."

ఆవిడ నవ్వి లేచింది. కారు దగ్గర గొంతుక్కూర్చుని, అరిగిన టైరు మీద అరచేత్తో తడిమింది.

"తీగలు తేలిపోయాయి. కొత్తవి దొరక్కపోతే ఏం చేస్తావు?"

"వీటి మీదే వెళ్తా."

"మలుపులో పేలితే?"

"పేలితే పేలుతుంది. ఈసారి మాత్రం ఆగను."

బావ మొహంలో నవ్వు పోయింది.

"ఒరే, మీ అక్కకి నేనేం చెప్పాలిరా?"

బావమరిది కారు వైపే చూస్తున్నాడు.

ఆవిడ ఒకసారి అతన్నీ, ఒకసారి బావనీ చూసి, చేతికంటిన మసి తుడుచుకుంది.

"ఆ నాలుగూ ఈ అబ్బాయికే వెయ్యండి."

"అమ్మా, మరి మీకు..." అన్నాడు షాపాయన.

"నాకు వచ్చే నెల తెప్పించండి. ముందు ఆ పాతవి ఊడదీయండి, చూస్తుంటే భయమేస్తోంది."

ఆవిడ షాపు దాటి వెళ్తుంటే బావమరిది కాలరు సర్దుకున్నాడు.

"చూశావా బావా? అర్థమయ్యేలా చెప్తే ఎవరైనా వింటారు."

ఆదివారం ఆ కారు కొండెక్కిందంటే బల్లి గోడెక్కినట్టే. ఒక్కో మలుపునూ కరిచి పట్టుకుని పాకింది. పైకి చేరిన కార్లన్నిటిలోకీ తక్కువ టైం దానిదే.

బావ ఎగిరి గంతేశాడు. బావమరిది మాత్రం హెల్మెట్టయినా తీయకుండా పోటీ పెద్దాయన దగ్గరికి పరుగెత్తాడు.

"గాలిపటం టైం ఎంత సార్?"

"ఈసారి ఆ కారు రాలేదు."

"నిన్ను చూసి జడుసుకుని ఉంటాడు," అన్నాడు బావ.

బావమరిదికి గెలిచిన సంతోషం సగానికి సగం చప్పబడింది. వాడు లేనప్పుడు గెలిస్తే దాటినట్టెలా అవుతుంది?

"పద బావా, పోదాం."

"ఎక్కడికయ్యా? ఏటా ఓడిపోగానే మొహం మాడ్చుకుని వెళ్లిపోతావు. గెలిచినప్పుడైనా ఉండు," అన్నాడు పెద్దాయన. "కిందటేడు గెలిచినవాళ్లే ఈ ఏడు కప్పు ఇవ్వడం ఇక్కడి పద్ధతి."

"వాడు రాలేదన్నారుగా?"

"కారు రాలేదన్నాను. టైర్లు దొరకలేదట. ఆవిడ బస్సులో వచ్చింది."

బావమరిది వెనక్కి తిరిగేసరికి, చేతిసంచి భుజానికి తగిలించుకుని, రెండు చేతులా కప్పు పట్టుకుని, టైర్ల షాపులో చూసిన ఆవిడ నడిచి వస్తోంది.